ఇంటి సముద్రపు తొట్టి: పరికరముల ఎంపిక, నీటి పారుదల ఏర్పాటు

శంషాబాదు ప్రాంతము సముద్రమునకు 250 కిలోమీటర్లకు పైగా దూరమున, సముద్ర మట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. అయినను ఈ ప్రాంతపు ఇండ్లలో సముద్రపు చేపల తొట్టి నేడు వింత కాదు. సముద్రపు అలంకార చేపలను ప్లాస్టికు సంచులలో ఆక్సిజను నింపి విమానములలో పంపుదురు. 2008 మార్చిలో విమానాశ్రయము ఇక్కడ ప్రారంభమైన నాటి నుండి ఆ సంచులు దిగు చోటు మన గుమ్మము ముందరికే వచ్చినది. పిల్లలు కోరుదురు; తండ్రి తొట్టి కొనును; చేపలు వచ్చును. కాని పలు ఇండ్లలో మూడు నెలలు గడువకముందే తొట్టి ఖాళీ అగుచున్నది. చేపల కొరకు పెట్టిన ధనమును, వాటి ప్రాణములును రెండును పోవును.

కారణము చాలవరకు ఒక్కటే. జీవిని ముందు కొని, నీటి సంగతి తరువాత చూచుట. బోరు వేయక, మోటారు బిగింపక నారు పోయు రైతు ఉండడు గదా! సముద్రపు తొట్టికిని అదే నియమము. నీరు ఎక్కడ నుండి ఎక్కడకు, ఎంత వేగముగ పోవునో, కరెంటు పోయినప్పుడు ఆ నీరు ఎక్కడ నిలుచునో ముందుగా కాగితముపై లెక్క వేసికొని, పిమ్మట పరికరములు కొనవలెను. పొలమునకు నీరు పెట్టు వారికి ఈ లెక్కలు కొత్తవి కావు.

పగడములు కొనరాదు

పగడపు దిబ్బను పోలిన తొట్టి పెట్టవలెనను కోరిక పలువురికి కలదు. మన దేశమున పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతము, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవుల యందు కలవు. కృష్ణా గోదావరులు తెచ్చు ఒండ్రు, మంచినీరు పగడములకు సరిపడవు గనుక మన కోస్తా తీరమున అట్టి పెద్ద దిబ్బలు లేవు.

దిబ్బలు కట్టు రాతి పగడములన్నియు, నల్ల పగడము, సముద్రపు విసనకర్ర మొదలగునవి 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. వాటిని సముద్రము నుండి తీయుట, అమ్ముట, కొనుట నేరము. చచ్చిన పగడపు ముక్కకును ఇది వర్తించును. కావున ఎవరైనను రహస్యముగా తెచ్చి ఇత్తుమన్నను తీసికొనవలదు. పగడపు ముక్కలకు బదులు సన్నని రంధ్రములుగల పింగాణి రాళ్ళు తయారుగా దొరకును. వాటితోనే దిబ్బను పోలిన గుట్ట పేర్చుకొనవచ్చును.

చేపలలో విదూషక చేప అనబడు క్లౌను చేప, కొన్ని డామ్సెల్ చేపలు మొదలుపెట్టు వారికి తగినవి. వీటిని నిర్బంధమున గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విధానమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తన మండపం, విళింజం కేంద్రములలో రూపొందించినది. సముద్రమున పట్టిన చేప కంటె ఇట్లు పెంచిన చేప తొట్టికి త్వరగా అలవాటు పడును, మేత తినును. కొనునపుడు ఈ సంగతి అడిగి తెలిసికొనుడు.

నీరు ఎందుకు కదలవలెను?

చెరువు చేపకు నిలువ నీరు అలవాటే. దిబ్బ మీది చేప అట్టిది కాదు. అక్కడ అల వచ్చి పోవుచునే యుండును. నీరు ఒక నిమిషము ఇటు, మరు నిమిషము అటు పారును. ఆ పారుదల మూడు పనులు చేయును. పై నీటిని క్రిందికి త్రిప్పి గాలిలోని ఆక్సిజనును కలుపును. చేపల మలమును, మిగిలిన మేతను ఒక చోట కుళ్ళనీయక కొట్టుకొని పోవును. రాళ్ళలోని సూక్ష్మజీవులకు వాటి ఆహారమును చేర్చును.

ఈ మూడవ పని రైతులకు తెలిసినదే. పొలమున యూరియా చల్లినపుడు అది అమ్మోనియాగా మారును. నేలలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మార్చును. తొట్టిలో చేప విసర్జించు అమ్మోనియా చేపకే విషము. రాళ్ళ రంధ్రములలో నివసించు అదే జాతి సూక్ష్మజీవులు దానిని మార్చి చేపను కాపాడును. నేలకు గాలి ఆడనిచో ఈ మార్పు ఆగినట్లే, రాళ్ళ మధ్య నీరు ఆడనిచో ఇక్కడను ఆగును.

మన ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. ఉప్పు నీటిలో ఆక్సిజను తక్కువ కరగును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరగగా, సముద్రపు నీటిలో పావు తక్కువ 7 మాత్రమే కరగును. 30 డిగ్రీల వద్ద 6 చిల్లరకు దిగును. ఇవి తీరప్రాంతపు లెక్కలు. 600 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ గనుక మనకు అందులో మరి నూటికి 7 వంతులు తగ్గును. కావున నీటి పై పొర ఎల్లప్పుడు చెదరుచుండునట్లు పంపు పెట్టుట ఇచ్చట మరింత అవసరము.

తొట్టి కొలతలు, బరువు

మొదటిసారి పెట్టువారు మరీ చిన్న తొట్టి తీసికొనరాదు. నీరు తక్కువైన కొలది వేడి, ఉప్పదనము త్వరగా మారును. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తుగల తొట్టి ఒక కుటుంబమునకు తగినది. దీని పరిమాణము సుమారు 240 లీటర్లు. 12 మిల్లీమీటర్ల అద్దము వాడుట క్షేమము. దీని క్రింద, బల్లలోపల, 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తుగల క్రింది తొట్టి ఉండవలెను. పరికరములన్నియు ఇందులోనే ఉండును.

రాళ్ళు ఆక్రమించు చోటు పోగా రెండు తొట్లలో కలిపి సుమారు 300 లీటర్ల నీరు పట్టును. నీరు, అద్దము, రాళ్ళు, ఇసుక, బల్ల కలిసి అయిదు క్వింటాళ్ళకు తగ్గదు. అనగా పది బస్తాల ధాన్యము ఒకే చోట పేర్చినట్లు. మేడపై పెట్టు వారు గది నడుమ గాక గోడ వెంబడి, దూలము మీదుగా పెట్టవలెను. ఎండ నేరుగా పడు కిటికీ దగ్గర పెట్టరాదు.

పై తొట్టి నుండి క్రిందికి: అలుగు

చెరువునకు అలుగు ఎట్టిదో తొట్టికిని అట్టిదే. పై తొట్టి వెనుక గోడకు పండ్లు గల అలుగు పెట్టి, అందుండి గొట్టము ద్వారా నీరు క్రింది తొట్టికి దిగునట్లు చేయుదురు. దిగు గొట్టము ఒకటిన్నర అంగుళముల పి.వి.సి. గొట్టమైన మేలు. ఒక్క గొట్టముతో సరిపెట్టవలదు. నత్తయో, నాచో అడ్డుపడి అది మూసికొనిన యెడల నీరు ఇల్లంతయు పారును. కొంచెము ఎత్తున రెండవ గొట్టము పెట్టిన ఆపదలో అది ఆదుకొనును.

క్రిందినుండి పైకి: ఎత్తిపోత పంపు

క్రింది తొట్టి నుండి పైకి గంటకు తొట్టి పరిమాణమునకు 5 రెట్లు నీరు పోయిన చాలును. అనగా 240 లీటర్ల తొట్టికి గంటకు 1,200 లీటర్లు. ఇక్కడనే పలువురు మోసపోవుదురు. పంపు పెట్టె మీద వ్రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటి లెక్క. బోరులో నీరు లోతుకు పోయిన కొలది మోటారు పోయు ధార సన్నగిల్లుట మీరు చూచినదే గదా.

మన ఉదాహరణలో నీరు ఎక్కవలసిన ఎత్తు సుమారు ఒక మీటరు. బెండుల వలన, గొట్టము రాపిడి వలన కలుగు నష్టమును కలిపి 1.3 మీటర్లు అనుకొనుడు. పెట్టె మీద ‘గంటకు 2,500 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 2 మీటర్లు’ అని ఉన్న పంపు ఈ ఎత్తున ఉజ్జాయింపుగా 875 లీటర్లు మాత్రమే ఇచ్చును. అది చాలదు. ‘3,000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు’ అని ఉన్న పంపు సుమారు 1,700 లీటర్లు ఇచ్చును. ఒక వాల్వు పెట్టి కావలసినంతకు తగ్గించుకొనవచ్చును. బెండులు తగ్గించి, గొట్టము లావు పెంచిన కరెంటు ఆదా అగును.

పొలములో వాడు ఇత్తడి గేటు వాల్వు, రాగి గొట్టము, ఇనుప బిగింపులు ఇందు పనికిరావు. ఉప్పు నీటిలో అవి కరగును. రాగి కొంచెము కలిసినను రొయ్యలు, నత్తలు చచ్చును. అన్నియు పి.వి.సి. వస్తువులే వాడవలెను. పురుగుమందు కలిపిన బకెట్టును, మందు కొట్టిన చేతులను ఎన్నడును తొట్టి దరికి రానీయరాదు.

తొట్టిలోపలి అలలు

ఎత్తిపోత పంపు ఒక్కటే దిబ్బ పారుదల నీయజాలదు. అందుకు అల పంపులు వేరుగా కావలెను. చేపలు, రాళ్ళు మాత్రమే ఉన్న తొట్టికి గంటకు 10 నుండి 20 రెట్లు నీరు త్రిప్పిన చాలును. అనగా గంటకు 2,400 నుండి 4,800 లీటర్లు. ఇంతయు ఒకే పెద్ద పంపుతో ఒకే వైపు కొట్టించిన ఇసుక లేచిపోవును, చేప ఈది ఈది అలసిపోవును. గంటకు 2,000 లీటర్ల చిన్న పంపులు రెండు తీసికొని, ఎదురెదురు మూలలలో, నీటి మట్టమునకు కొంచెము దిగువగా అమర్చుడు. ఒకటి కొంతసేపు, మరియొకటి కొంతసేపు నడచునట్లు చేసిన అల వచ్చి పోయినట్లుండును.

రాళ్ళను వెనుక అద్దమునకు ఆనించి గోడవలె పేర్చరాదు. వెనుక నాలుగు వేళ్ళ సందు విడిచి, నడుమ గుహలు, దారులు ఉంచుడు. రాళ్ళను ముందు అడుగు అద్దముపై నిలిపి, పిమ్మట ఇసుక పోయవలెను. ఇసుకపై నిలిపిన రాయి, చేప ఇసుక త్రవ్విన కూలును.

పారుదల సరిగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు చిటికెడు మేత నలిపి నీటిలో వేసి చూడుడు. నలుసులు అన్ని మూలలకు పోయి, చివరకు అలుగు దాటవలెను. ఎక్కడైన గుమికూడి నిలిచినచో అది నిలువ నీటి మూల. పంపు ముఖము కొంచెము త్రిప్పుడు. నీటిపై జిడ్డు పొర కనిపించిన, పంపును కొద్దిగా పైకి త్రిప్పవలెను.

కరెంటు పోయినపుడు నీరు ఎక్కడ నిలుచును?

ఇది అతి ముఖ్యమైన లెక్క. పంపు ఆగగానే పై తొట్టి నీరు అలుగు అంచు వరకు క్రిందికి దిగును. 120 × 45 సెంటీమీటర్ల తొట్టిలో రెండున్నర సెంటీమీటర్ల నీరు దిగిన సుమారు 13½ లీటర్లు. గొట్టములలోని నీరు కలిపి 20 లీటర్లు అనుకొనుడు. క్రింది తొట్టిలో నీరు 22 సెంటీమీటర్లు ఉన్నచో, పైన 18 సెంటీమీటర్ల ఖాళీలో 65 లీటర్లు పట్టును. భయము లేదు.

కాని పైకి నీరు పోయు గొట్టపు మూతి తొట్టిలో 15 సెంటీమీటర్ల లోతున మునిగి ఉన్నదనుకొనుడు. పంపు ఆగగానే అదే గొట్టము సైఫనుగా మారి నీటిని వెనుకకు లాగును. 15 సెంటీమీటర్ల నీరు అనగా 81 లీటర్లు! 65 లీటర్ల చోటున 81 పట్టదు. మిగిలినది నేలపై, స్విచ్చి బోర్డుపై పారును. కావున మూతి నీటి మట్టమునకు రెండు సెంటీమీటర్లకు మించి మునుగరాదు. గొట్టమునకు నీటి మట్టము దగ్గర చిన్న రంధ్రము చేసిన గాలి దూరి సైఫను తెగును. ఆ రంధ్రమును నెలకొకసారి పుల్లతో శుభ్రపరచుడు. వెనుకకు పోనీయని వాల్వు ఒక్కదానినే నమ్మవలదు. అది నాచు పట్టి తెరచుకొనియే నిలుచును.

దీనికి ఎదురు లెక్కయు వేయుడు. దిగు గొట్టములు రెండును మూసికొనిపోయిన, పంపు తన గదిలోని నీరంతయు పైకి తోడును. పై తొట్టిలో 3 సెంటీమీటర్ల ఖాళీ ఉన్నచో 16 లీటర్లు పట్టును. పంపు గదిని 20 × 40 సెంటీమీటర్లకు మించనీయకున్న, అందు తోడదగిన నీరు 15 లీటర్ల లోపే. పంపు ఖాళీగా తిరుగును గాని ఇల్లు తడువదు.

తొట్టి అమర్చిన తరువాత ఉప్పు కలుపకముందే మామూలు నీరు నింపి ఒక రోజు నడుపుడు. మూడుసార్లు కరెంటు తీసి, మూడుసార్లు పెట్టి చూడుడు. ఒకసారి దిగు గొట్టమును గుడ్డతో మూసి చూడుడు. చేప రాకముందే ఈ పరీక్షలన్నియు జరుగవలెను.

కరెంటు లేని గంటలలో

నీరు ఆగిన తొట్టిలో చేపలకు మొదట కలుగు కొరత ఆక్సిజను. ఇంటి ఇన్వర్టరుపై అన్ని పరికరములు వేయనక్కరలేదు. 10 వాట్ల అల పంపు ఒక్కటి చాలును. 12 వోల్టుల, 150 ఆంపియరు అవర్ల బ్యాటరీలో సగము వాడినను 900 వాట్ అవర్లు వచ్చును. ఇన్వర్టరు తన కొరకు తీసికొను దానితో కలిపి 30 వాట్లు అనుకొన్నను, మరే దీపము వేయకున్నచో, ఒక పగలు ఒక రాత్రి గడచును. దీపము, హీటరు దానిపై వేయవలదు. అదియు లేనివారు బ్యాటరీతో నడచు చిన్న గాలి పంపు ఒకటి ఉంచుకొనుడు.

ఉప్పు నీరు, కరెంటు పక్కపక్కనే ఉండును గనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., మంచి ఎర్తింగు తప్పనిసరి. ప్రతి తీగయు ప్లగ్గు కంటె దిగువకు వ్రేలాడి పిమ్మట పైకి పోవలెను. అప్పుడు తీగ వెంట జారు నీటి బొట్టు నేలపై పడును గాని ప్లగ్గులోనికి పోదు. చేయి పెట్టునపుడు పరికరములన్నియు ఆపుడు.

నీరు, ఉప్పు

మన బోరు నీటిలో సున్నపు లవణములు ఎక్కువ. కొన్ని చోట్ల నైట్రేటు, ఫ్లోరైడు కూడ ఉండును. నల్లా నీటిలో క్లోరిను ఉండును. రెండును నేరుగా పనికిరావు. ఆర్.ఓ. పద్ధతిన వడకట్టి, పిమ్మట రెసిను గొట్టము గుండా పంపిన నీరు వాడవలెను. టి.డి.ఎస్. మీటరు 5కు లోపు చూపవలెను. ఆర్.ఓ. వదలు నీటిని నేల కడుగుటకు వాడుకొనవచ్చును.

నౌపడా, చినగంజాం ఉప్పు వంటకు మంచిదే గాని తొట్టికి కాదు. అది దాదాపు సోడియం క్లోరైడు మాత్రమే. సముద్రపు నీటిలోని కాల్షియము, మెగ్నీషియము మొదలగునవి తగు పాళ్ళలో కలిపిన తొట్టి ఉప్పు వేరుగా దొరకును. లీటరుకు సుమారు 37 గ్రాముల చొప్పున 300 లీటర్లకు 11 కిలోలు పట్టును. వేరు పాత్రలో కలిపి, ఒక రోజు పంపుతో త్రిప్పి, రిఫ్రాక్టోమీటరుతో చూచిన 1.025 ఉండవలెను.

ఆవిరియైపోవునది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే మిగులును. కావున తరుగును ఉప్పు నీటితో గాక శుద్ధమైన మంచినీటితో పూరింపవలెను. తరుగు పంపు గదిలోనే కనిపించును. అక్కడ గీత గీసి ప్రతిదినము చూడుడు. దానంతట అది నిండు ఫ్లోటు పెట్టువారు 10 లీటర్ల డబ్బాకు మించి కలుపరాదు. ఫ్లోటు పాడైనను పెద్ద హాని జరుగదు.

వేడి, నురుగు, దీపము

తొట్టి నీరు 25 నుండి 27 డిగ్రీల మధ్య ఉండవలెను. వేసవిలో మన గాలి పొడిగా ఉండును గనుక నీటిపై చిన్న ఫ్యాను వీచిన కూజా నీరు చల్లబడినట్లే తొట్టియు చల్లబడును. ఒక లీటరు ఆవిరియైన 300 లీటర్ల నుండి సుమారు 2 డిగ్రీల వేడి తీసికొని పోవును. వానకాలమున గాలిలో తేమ పెరిగి ఫ్యాను బలము తగ్గును. గది మరీ వేడెక్కు ఇండ్లలో చిల్లరు తప్పదు. డిసెంబరు, జనవరి రాత్రులకు 200 వాట్ల హీటరు ఒకటి చాలును.

ప్రోటీను స్కిమ్మరు అనునది సన్నని గాలి బుడగలతో నీటిలోని జిడ్డును, మలినమును నురుగుగా పైకి తీయు గొట్టము. అది కుళ్ళకముందే మలినమును తీయుటయే గాక నీటికి గాలిని కూడ కలుపును. క్రింది తొట్టిలో నీటి మట్టము మారని గదిలో దీనిని ఉంచుడు. పగడములు లేని తొట్టికి ఖరీదైన దీపములు అవసరము లేదు. సామాన్యపు ఎల్.ఇ.డి. దీపము దినమునకు 8 గంటలు చాలును. ఎక్కువైన నాచు పెరుగును.

చేప ఎప్పుడు రావలెను?

అన్నియు నడచుచుండగా, చేపలు లేకుండ, కొద్దిగా అమ్మోనియా కలిపి నాలుగు నుండి ఆరు వారములు ఓపిక పట్టుడు. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నకు వచ్చి, నైట్రేటు కనిపించిన నాడు సూక్ష్మజీవులు నిలద్రొక్కుకొన్నవని తెలియవలెను. అప్పుడు ఒకటి రెండు చేపలతో ప్రారంభింపుడు. ఈ తొట్టికి మొత్తము అయిదారు చిన్న చేపలకు మించరాదు. కొత్త చేపను మూడు నాలుగు వారములు వేరు తొట్టిలో ఉంచి, తెల్ల మచ్చల జబ్బు లేదని రూఢి చేసికొని కలుపుడు.

చాల గంటలు ప్రయాణము చేసిన సంచి నీటిలో అమ్మోనియా చేరియుండును. సంచి మూసియున్నంత వరకు, చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వలన దాని విషము అణగియుండును. విప్పగానే ఆ వాయువు పోయి విషము పెరుగును. కావున విప్పిన సంచిని గంటలకొలది ఉంచక, వేరు తొట్టి వేడిని, ఉప్పదనమును సంచి నీటికి సరిచూచి, చేపను మాత్రము అందు వదలి, సంచి నీటిని పారబోయవలెను.

వాడిన నీరు పొలమునకు పోయరాదు

రెండు వారములకొకసారి పదవ వంతు నీరు మార్చవలెను. ఈ నీటిని మొక్కలకు పోయవలదు. విద్యుద్వాహకత 4 డెసీ సైమన్లు దాటిన నేలనే చౌడు నేల అందుము. సముద్రపు నీటిది 50కి పైన. ఒక్క బకెట్టు నిమ్మ చెట్టును ఎండగట్టగలదు. బావి దగ్గర, కుంటలో, హిమాయత్‌సాగరు వైపు పోవు వాగులో పోయుటయు తగదు. మురుగు కాలువలో కొంచెము కొంచెముగా వదలుడు. పెంచలేమని తోచిన చేపను సైతము చెరువులో వదలక, పెంచువారికి ఇచ్చివేయుడు.

కొనుటకు వరుస ఇది: ముందు కాగితముపై లెక్క, పిమ్మట బల్ల, తొట్లు, గొట్టములు, పిమ్మట పంపులు, మామూలు నీటితో పరీక్ష, తరువాత ఉప్పు, రాళ్ళు, ఇసుక, ఆరు వారముల నిరీక్షణ, అన్నిటికిని చివర చేప. ఈ వరుస పాటించిన క్లౌను చేప పదేండ్లు మీ ఇంట జీవింపగలదు. మరిన్ని వివరములకు మీ జిల్లా మత్స్యశాఖాధికారిని కలిసికొనుడు. నగరము నుండి శంషాబాదుకు పోవు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గము ప్రక్కన చేప ఆకారమున కనిపించు భవనము జాతీయ మత్స్యాభివృద్ధి మండలి వారిది. చేపల పెంపకమున ఆసక్తిగల యువకులు అక్కడను విచారింపవచ్చును.